బరి నుంచి తప్పుకున్న నేతకు వేసిన ఓటు ఏమవుతుంది? అమెరికా ప్రైమరీల లెక్క ఇదీ

డాలస్‌లో స్థిరపడిన మీ అక్కకు అమెరికా పౌరసత్వం ఉందనుకోండి. 2020 ఫిబ్రవరి చివరి వారంలో ఆఫీసు నుంచి వస్తూ దారిలో ముందస్తు ఓటు వేసి ఇంటికి చేరింది. డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలో ఆమె ఎంచుకున్న పేరు పీట్ బూటిజెజ్. టెక్సస్‌లో అసలు పోలింగ్ మార్చి 3న. మార్చి 1 రాత్రి టీవీ పెడితే, పోటీ నుంచి తప్పుకుంటున్నట్లు బూటిజెజ్ ప్రకటిస్తున్నారు. మర్నాడు ఆయన అదే డాలస్‌కు వచ్చి జో బైడెన్‌కు మద్దతు ప్రకటించారు.

ఇప్పుడు మీ అక్క ఓటు సంగతేంటి? అది బైడెన్ ఖాతాలోకి వెళ్తుందా? రద్దవుతుందా? మళ్లీ వేసుకోవచ్చా?

మూడింటికీ జవాబు 'లేదు' అనే. ఆ ఓటు చెల్లుతుంది, బూటిజెజ్ పేరు మీదే లెక్కకు వస్తుంది. కానీ టెక్సస్‌లో ఎవరు గెలవాలన్నది తేల్చడంలో దానికి పాత్ర ఉండదు. ఆ రాష్ట్రంలో అలా వేల ఓట్లు పడ్డాయి.

అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తల్లో 'ఫలానా నేత తప్పుకున్నారు' అన్న బ్రేకింగ్ న్యూస్ తరచూ కనిపిస్తుంది. ఆ ఒక్క ప్రకటనతో ఓట్లు, డెలిగేట్లు, విరాళాలు అన్నీ ఎవరో ఒకరికి బదిలీ అయిపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు దారుల్లో పోతాయి. తప్పుకోవడం వల్ల ఎవరికి లాభం, ఎంత లాభం అన్నది ఎక్కువగా ఆ నిర్ణయం ఏ రోజు తీసుకున్నారన్న దాని మీదే ఆధారపడుతుంది. వచ్చే అధ్యక్ష ఎన్నికలు 2028 నవంబరులో ఉన్నాయి. అప్పటి ప్రైమరీల వార్తలు చదివేటప్పుడు పనికొచ్చేలా ఈ లెక్కలు ఒకసారి చూద్దాం.

మన ఉపసంహరణకూ, వాళ్ల ఉపసంహరణకూ తేడా ఏంటి?

మన దేశంలో నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి గడువు ఉంటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నామినేషన్ల పరిశీలన జరిగిన తర్వాత రెండో రోజుతో ఆ గడువు ముగుస్తుంది. ఆ తర్వాత తుది జాబితా వస్తుంది, పేర్లు, గుర్తులు ఈవీఎం మీదకు ఎక్కుతాయి. గడువు దాటాక ఎవరైనా ప్రెస్‌మీట్ పెట్టి 'నేను పోటీలో లేను, ఫలానా ఆయనకు ఓటేయండి' అన్నా చట్టం దృష్టిలో ఆయన అభ్యర్థే. ఆయనకు పడిన ఓట్లు లెక్కిస్తారు.

అమెరికాలోనూ ఒకసారి బ్యాలట్ పత్రం మీద పేరు ముద్రించాక దాదాపు ఇదే పరిస్థితి. అయితే మన దగ్గర ఒక నియోజకవర్గంలో పోలింగ్ ఒక్క రోజులో అయిపోతుంది. అమెరికా ప్రైమరీలు అలా కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మొదలై జూన్ దాకా రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో జరుగుతూనే ఉంటాయి. కొన్ని రాష్ట్రాల ఫలితాలు వచ్చేసి ఉంటాయి, కొన్నిచోట్ల ఓటింగ్ నడుస్తూ ఉంటుంది, ఇంకొన్ని రాష్ట్రాల వంతే వచ్చి ఉండదు. సరిగ్గా ఆ మధ్యలో అభ్యర్థి వెళ్లిపోతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ప్రైమరీలో గెలిచేది ఏంటి?

ప్రైమరీ అంటే పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయాలో తేల్చే వడపోత. మన దగ్గర ఆ పని పార్టీ అధిష్ఠానం చేస్తుంది. అక్కడ ఓటర్లు చేస్తారు. కానీ నేరుగా కాదు. ప్రతి రాష్ట్రానికీ కొంతమంది డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, ఉంటారు. ప్రైమరీలో వచ్చిన ఓట్లను బట్టి ఈ డెలిగేట్లను అభ్యర్థులకు పంచుతారు. వేసవిలో జరిగే పార్టీ జాతీయ సదస్సులో సగం కంటే ఎక్కువ మంది డెలిగేట్ల ఓట్లు ఎవరికి వస్తే వారే పార్టీ అభ్యర్థి.

కాబట్టి ప్రైమరీలో అసలు సరుకు డెలిగేట్లే. ఓట్లు ఎన్ని వచ్చాయన్న దానికంటే ఆ ఓట్లు ఎన్ని డెలిగేట్లుగా మారాయన్నదే ముఖ్యం. అభ్యర్థి తప్పుకుంటే మారిపోయేదీ ఈ మార్పిడి లెక్కే.

15 శాతం గీత చేసే మాయ

డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీల్లో డెలిగేట్లను ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. కానీ ఒక షరతు ఉంది. కనీసం 15 శాతం ఓట్లు రానివారికి ఒక్క డెలిగేటూ రారు. రాష్ట్రం మొత్తానికి ఉండే కోటాకూ, రాష్ట్రం లోపలి ఒక్కో జిల్లా స్థాయి కోటాకూ ఈ గీత విడివిడిగా వర్తిస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహాజనిత లెక్కతో చూడండి. ఒక రాష్ట్రంలో 100 మంది డెలిగేట్లు, బరిలో ఆరుగురు ఉన్నారనుకుందాం. వారికి వచ్చిన ఓట్లు ఇలా ఉన్నాయి:

- మొదటి అభ్యర్థి: 30 శాతం
- రెండో అభ్యర్థి: 24 శాతం
- మూడో అభ్యర్థి: 14 శాతం
- నాలుగో అభ్యర్థి: 13 శాతం
- ఐదో అభ్యర్థి: 12 శాతం
- ఆరో అభ్యర్థి: 7 శాతం

15 శాతం గీత దాటింది ఇద్దరే. కాబట్టి 100 మంది డెలిగేట్లనూ వాళ్లిద్దరే పంచుకుంటారు. మొదటి అభ్యర్థికి 56, రెండో అభ్యర్థికి 44. అంటే ఓటర్లలో 30 శాతం మంది మాత్రమే కోరుకున్న వ్యక్తి సగానికి పైగా డెలిగేట్లను పట్టుకుపోయారు. మిగిలిన నలుగురికి వేసిన 46 శాతం ఓట్లకు ఒక్క డెలిగేటూ దక్కలేదు.

ఇప్పుడు పోలింగ్‌కు ముందే నాలుగో, ఐదో అభ్యర్థులు తప్పుకున్నారనుకోండి. వాళ్ల 25 శాతం ఓట్లలో 18 రెండో అభ్యర్థికి, 4 మొదటి అభ్యర్థికి, 3 మూడో అభ్యర్థికి వెళ్లాయి. కొత్త లెక్క ప్రకారం రెండో అభ్యర్థికి 42, మొదటి అభ్యర్థికి 34, మూడో అభ్యర్థికి 17 శాతం. డెలిగేట్లు వరుసగా 45, 37, 18.

మొదటి అభ్యర్థి సంగతి గమనించారా? ఆయన ఓట్లు 30 నుంచి 34కు పెరిగాయి. డెలిగేట్లు మాత్రం 56 నుంచి 37కు పడిపోయాయి. మూడో అభ్యర్థికి అదనంగా వచ్చింది మూడు శాతమే. కానీ ఆ మూడు శాతంతో గీత దాటేసి, సున్నా నుంచి ఏకంగా 18 మంది డెలిగేట్లకు చేరుకున్నారు. ఇద్దరు తప్పుకుంటే ఓట్ల వాటా పెరిగిన వ్యక్తే నష్టపోవడం, ఎవరూ పట్టించుకోని మూడో వ్యక్తి లాభపడటం ఈ పద్ధతిలో మామూలే.

2020లో మూడు రోజుల్లో ఏం జరిగింది?

ఈ లెక్క నిజజీవితంలో ఎలా ఉంటుందో చూపించిన ఉదాహరణ 2020 డెమోక్రటిక్ ప్రైమరీ.

అయోవాలో బూటిజెజ్, బెర్నీ శాండర్స్ దాదాపు సమానంగా నిలిచారు. న్యూహాంప్‌షైర్‌లో శాండర్స్ గెలిచారు, బైడెన్ అయిదో స్థానానికి పడిపోయారు. నెవాడాలో శాండర్స్ భారీ ఆధిక్యం సాధించారు. అప్పటికి పరిస్థితి ఏంటంటే, శాండర్స్‌ను వద్దనుకునే మధ్యేవాద ఓటర్లు బైడెన్, బూటిజెజ్, ఏమీ క్లోబుషర్, మైకేల్ బ్లూమ్‌బర్గ్‌ల మధ్య చీలిపోయి ఉన్నారు. ఇలాగే సాగితే పెద్ద రాష్ట్రాల్లో 15 శాతం గీతను శాండర్స్ తేలిగ్గా దాటేస్తారు, మిగతావాళ్లు 12, 13 శాతాల దగ్గర ఆగిపోతారు అన్నది పార్టీలో ఒక వర్గం ఆందోళన.

ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్ సగానికి దగ్గరగా ఓట్లు తెచ్చుకుని గెలిచారు. మార్చి 1న బూటిజెజ్ తప్పుకున్నారు. మార్చి 2న క్లోబుషర్ తప్పుకున్నారు. ఇద్దరూ ఆ రోజే డాలస్‌లో బైడెన్‌కు మద్దతు పలికారు. మార్చి 3 సూపర్ ట్యూస్‌డే. ఒకేరోజు 14 రాష్ట్రాల్లో పోలింగ్ జరిగితే బైడెన్ పదింటిని గెలుచుకున్నారు. క్లోబుషర్ సొంత రాష్ట్రం మిన్నెసోటా అందులో ఒకటి. నాలుగేళ్ల ముందు అక్కడ గెలిచింది శాండర్స్.

ఈ విజయమంతా ఆ ఇద్దరి చలవే అనలేం. సౌత్ కరోలినా గెలుపుతోనే బైడెన్‌కు ఊపు వచ్చింది. కానీ వాళ్లు వారం ముందు తప్పుకుని ఉంటే ఆయన ఇంకా గెలవని నేతే, వాళ్ల ఓటర్లు ఎటు పోయేవారో చెప్పలేం. వారం తర్వాత తప్పుకుని ఉంటే మొత్తం డెలిగేట్లలో మూడో వంతు అప్పటికే పంపిణీ అయిపోయేవారు. సరైన రోజున తీసుకున్న నిర్ణయం కాబట్టే అది పోటీని మలుపు తిప్పింది.

ఆ రోజు బరిలో ఉండిపోయినవాళ్ల సంగతీ చూడండి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ వారెన్‌కు 13 శాతం, బ్లూమ్‌బర్గ్‌కు 12 శాతం ఓట్లు వచ్చాయి. రాష్ట్ర స్థాయి కోటాలో ఇద్దరికీ డెలిగేట్లు దక్కలేదు. బ్లూమ్‌బర్గ్ మార్చి 4న, వారెన్ మార్చి 5న తప్పుకున్నారు.

తప్పుకున్న నేత ఓట్లన్నీ మద్దతు ఇచ్చినవారికే వెళ్తాయా?

వెళ్లవు. ఓటర్లు నాయకుడి వెంట గంపగుత్తగా కదిలే సరుకు కాదు. రాజకీయ సిద్ధాంతం చూసి ఓటేసేవాళ్లు ఉంటారు. వయసు, ప్రాంతం, మాటతీరు, గెలిచే సత్తా చూసి వేసేవాళ్లూ ఉంటారు. మొదటి ఎంపిక పోయాక రెండో ఎంపిక ఎవరన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. వారెన్ ఉదారవాద విధానాల్లో శాండర్స్‌కు దగ్గర కాబట్టి ఆమె ఓటర్లంతా ఆయన వైపే వెళ్తారని అప్పట్లో చాలామంది లెక్క వేశారు. ఆమె తప్పుకున్న తర్వాతా శాండర్స్ పుంజుకోలేకపోయారు.

2024 రిపబ్లికన్ ప్రైమరీలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. అయోవాలో రెండో స్థానంలో నిలిచిన రాన్ డిశాంటిస్ జనవరి 21న, అంటే న్యూహాంప్‌షైర్ పోలింగ్‌కు రెండు రోజుల ముందు తప్పుకుని ట్రంప్‌కు మద్దతిచ్చారు. అంతకుముందే అయోవా ఫలితం వచ్చిన రాత్రి వివేక్ రామస్వామి కూడా అదే పని చేశారు. బరిలో ఇద్దరే మిగిలారు. ట్రంప్ వ్యతిరేక ఓటు చీలకుండా ఉంటే నిక్కీ హేలీ గెలుస్తారన్న అంచనా అక్కడ పరీక్షకు వచ్చింది. ట్రంప్‌కు 54 శాతం, హేలీకి 43 శాతం ఓట్లు వచ్చాయి. ఒకరి ఓట్లు సగం దాటిపోయాక మిగతావాళ్లు ఎంతమంది తప్పుకున్నా ఫలితం మారదు. చీలిక గురించి మాట్లాడేముందు ముందున్న నేతకు 50 శాతం లోపు ఉన్నాయా, పైన ఉన్నాయా అన్నది చూడాలి.

రిపబ్లికన్ పార్టీలో లెక్క వేరు

డెలిగేట్ల పంపిణీ ఎలా జరగాలన్న దానిపై రిపబ్లికన్ పార్టీ రాష్ట్రాలకు ఎక్కువ స్వేచ్ఛ ఇస్తుంది. కొన్నిచోట్ల నిష్పత్తి ప్రకారం, కొన్నిచోట్ల గెలిచినవారికే మొత్తం. రెండో పద్ధతిలో సమయానికి తప్పుకోకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది.

2016లో ఆ పార్టీ నుంచి 17 మంది ప్రధాన అభ్యర్థులు బరిలోకి దిగారు. సౌత్ కరోలినాలో ట్రంప్‌కు వచ్చింది దాదాపు 32.5 శాతం ఓట్లే. మార్కో రూబియో, టెడ్ క్రూజ్ చెరో 22 శాతం పైచిలుకు తెచ్చుకున్నారు. కానీ ఆ రాష్ట్రంలోని 50 మంది డెలిగేట్లూ ట్రంప్ ఖాతాలోకే వెళ్లారు. మూడో వంతు ఓట్లకు మొత్తం డెలిగేట్లు! ఆ రాత్రి జెబ్ బుష్ తప్పుకున్నారు. సొంత రాష్ట్రం ఫ్లోరిడాలో ఓడిపోయి మార్చి 15న రూబియో వెళ్లిపోయారు. అక్కడి 99 మంది డెలిగేట్లూ ట్రంప్‌కే. ఇండియానాలో ఓటమి తర్వాత మే 3న క్రూజ్, మర్నాడు జాన్ కేసిక్ విరమించుకున్నారు. ప్రతి ఒక్కరూ 'ఎదుటివాడు తప్పుకుంటే నేనే గట్టి ప్రత్యర్థిని' అనుకుంటూ కూర్చున్నారు. చివరికి ఒక్కొక్కరుగా వెళ్లేసరికి డెలిగేట్ల లెక్క చేయిదాటిపోయింది.

గెలుచుకున్న డెలిగేట్లు ఎటు పోతారు?

ఇక్కడ ఒక చిన్న మాట చాలా ముఖ్యం. అమెరికా నేతలు సాధారణంగా 'పోటీ విరమించుకుంటున్నా' అనరు. 'ప్రచారాన్ని నిలిపివేస్తున్నా' అంటారు. ఎన్నికల ఖర్చులను పర్యవేక్షించే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ దృష్టిలో ఈ రెండు మాటలకూ తేడా లేదు. కానీ పార్టీ నిబంధనల్లో, కొన్ని రాష్ట్రాల చట్టాల్లో ఉండొచ్చు. అధికారికంగా వైదొలగకుండా 'నిలిపివేస్తే' బ్యాలట్ మీద పేరు, డెలిగేట్ల మీద కొంత పట్టు మిగులుతాయి.

డెమోక్రటిక్ పార్టీ నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో గెలిచిన డెలిగేట్లు అభ్యర్థికే ఉంటారు. రాష్ట్ర స్థాయి కోటా డెలిగేట్లను ఎంపిక చేసే సమయానికి అభ్యర్థి బరిలో లేకపోతే, ఆ వాటా బరిలో ఉన్నవారికి వెళ్తుంది. 2020 ఏప్రిల్ 8న ప్రచారం ఆపేసిన శాండర్స్ ఈ నిబంధన వల్ల వందల మంది డెలిగేట్లను పోగొట్టుకోవాల్సి వచ్చేది. ఏప్రిల్ 30న బైడెన్, శాండర్స్ వర్గాలు ఒక ఒప్పందానికి వచ్చి వాళ్లను శాండర్స్‌కే ఉంచాయి. గెలవనని తెలిసినా డెలిగేట్లు ఎందుకు అంటే, పార్టీ విధాన పత్రం రాసేది, సదస్సులో నిబంధనలు తేల్చేది వాళ్లే కాబట్టి. ఓడిన నేతకు బేరమాడే బలం అక్కడి నుంచే వస్తుంది.

రిపబ్లికన్లలో రాష్ట్రానికో పద్ధతి. కొన్నిచోట్ల అభ్యర్థి తప్పుకున్నా డెలిగేట్లు సదస్సు దాకా ఆయనకే కట్టుబడి ఉండాలి. కొన్నిచోట్ల వారిష్టం. 2016లో రూబియో తప్పుకున్నాక అలాస్కా పార్టీ ఆయన డెలిగేట్లను ట్రంప్‌కు, క్రూజ్‌కు పంచేసింది. వాళ్లను తనకే ఉంచాలని రూబియో లేఖ రాయడంతో మళ్లీ వెనక్కి ఇచ్చింది. 2024లో హేలీ మార్చి 6న తప్పుకున్నా తన 97 మంది డెలిగేట్లను జులై 9 దాకా తన దగ్గరే ఉంచుకున్నారు. పార్టీ సదస్సుకు కొద్ది రోజుల ముందు, ట్రంప్‌కు ఓటేయమంటూ వాళ్లను విడుదల చేశారు.

ఓటు వేసేసినవాళ్లకు దారి లేదా?

చాలా రాష్ట్రాల్లో లేదు. విదేశాల్లో ఉండే ఓటర్లకు, సైనికులకు పోలింగ్‌కు 45 రోజుల ముందే బ్యాలట్లు పంపాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. అంటే అంతకుముందే పేర్లు ముద్రణకు వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఎవరు తప్పుకున్నా పేరు అలాగే ఉంటుంది. మిన్నెసోటాలో 2020లో పంపిన ఓటును వెనక్కి తీసుకుని కొత్తది వేసే వీలుంది. కానీ అది పోలింగ్‌కు వారం ముందు వరకే. క్లోబుషర్ తప్పుకున్నది పోలింగ్‌కు ముందు రోజు.

దీనికి కొందరు కనిపెట్టిన మందు ప్రాధాన్య క్రమ ఓటు. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో పట్టభద్రులు 1, 2, 3 అని అంకెలు వేస్తారు కదా, అలాంటిదే. 2020లో అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్ డెమోక్రటిక్ ప్రైమరీల్లో ఈ పద్ధతి వాడారు. మొదటి ఎంపికకు 15 శాతం రాకపోతే ఆ ఓటు తర్వాతి ఎంపికకు మారుతుంది. డాలస్‌లోని మీ అక్కకు ఈ అవకాశం ఉండి ఉంటే ఆమె రెండో ప్రాధాన్యం లెక్కలోకి వచ్చేది.

ఈ పద్ధతి లేనిచోట ముందస్తు ఓటర్లకు ఉన్న జాగ్రత్త ఒక్కటే. పోటీ తేలని సమయంలో, గట్టిగా నిర్ణయించుకోకపోతే, ఓటును ఆఖరు రోజుల దాకా దాచుకోవడం.

అందరూ తప్పుకుంటే ఇక పోలింగ్ ఎందుకు?

ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2020 ఏప్రిల్ 27న న్యూయార్క్ ఎన్నికల బోర్డు డెమోక్రటిక్ అధ్యక్ష ప్రైమరీని రద్దు చేసింది. శాండర్స్ కూడా ప్రచారం ఆపేశారు, బైడెన్ ఒక్కరే మిగిలారు, పైగా కరోనా విజృంభిస్తోంది అన్నది బోర్డు వాదన. ప్రచారం నిలిపివేసినవారి పేర్లు తొలగించవచ్చని ఆ నెలలోనే రాష్ట్ర చట్టాన్ని మార్చారు.

ఫిబ్రవరిలోనే తప్పుకున్న ఆండ్రూ యాంగ్, కొందరు డెలిగేట్ అభ్యర్థులతో కలిసి కోర్టుకు వెళ్లారు. మే 5న ఫెడరల్ న్యాయమూర్తి ప్రైమరీ జరపాల్సిందేనని, తొలగించిన పేర్లు తిరిగి చేర్చాలని ఆదేశించారు. అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. జూన్ 23న పోలింగ్ జరిగింది. విజేత ఎవరో ముందే తెలిసినా, ఓటర్ల అభిప్రాయం డెలిగేట్ల రూపంలో సదస్సుకు చేరే హక్కు మిగిలే ఉంటుందన్నది ఆ తీర్పు సారాంశం. అభ్యర్థి ప్రచారం ఆపుకోవచ్చు, అంతమాత్రాన ఓటరు నోరు మూయించలేరు.

ఆ హక్కును ఓటర్లు వాడుకుంటారు కూడా. 1992లో పాల్ సాంగస్ మార్చిలో ప్రచారం ఆపేసినా, ఏప్రిల్ 7న న్యూయార్క్ ప్రైమరీలో 29 శాతం ఓట్లతో బిల్ క్లింటన్ తర్వాతి స్థానంలో నిలిచారు. 2024లో హేలీ తప్పుకున్న రెండు నెలల తర్వాత ఇండియానా రిపబ్లికన్ ప్రైమరీలో ఆమెకు దాదాపు 22 శాతం ఓట్లు పడ్డాయి. ఆమె గెలవాలని వేసినవి కావవి. ముందున్న నేత మీద అసంతృప్తిని నమోదు చేయడానికి ఓటర్లకు ఆ పేరు ఒక సాధనమైంది. మన నోటా లాంటి పాత్ర అన్నమాట.

గెలిచిన అభ్యర్థే తప్పుకుంటే?

2024 జులై 21న అదే జరిగింది. ప్రైమరీలన్నీ ముగిశాయి. అభ్యర్థిత్వానికి 1,976 మంది డెలిగేట్లు చాలు, బైడెన్ దగ్గర సుమారు 3,900 మంది ఉన్నారు. పోలింగ్‌కు 107 రోజుల ముందు ఆయన పోటీ విరమించుకున్నారు. ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌కు మద్దతు ప్రకటించారు.

బైడెన్ మద్దతిచ్చినంత మాత్రాన ఆ డెలిగేట్లు హారిస్‌కు బదిలీ కాలేదు. వాళ్లకు ఎవరికైనా ఓటేసే స్వేచ్ఛ వచ్చింది. బ్యాలట్‌లో చోటు కావాలంటే కనీసం 300 మంది డెలిగేట్ల సంతకాలు తేవాలన్నది పార్టీ పెట్టిన నిబంధన. హారిస్ ఒక్కరే ఆ అర్హత సాధించారు. ఆగస్టు 5న ముగిసిన ఆన్‌లైన్ ఓటింగ్‌తో ఆమె అభ్యర్థి అయ్యారు. కోట్లాది ఓటర్లు పాల్గొన్న ప్రైమరీల తర్వాత, తుది నిర్ణయం కొన్ని వేల మంది చేతుల్లోకి వెళ్లింది. ఓటర్లను మళ్లీ అడిగే సమయం అప్పటికి లేదు.

1968లో లిండన్ జాన్సన్ మార్చి 31నే తప్పుకున్నా, ప్రైమరీల్లో పోటీయే చేయని హ్యూబర్ట్ హంఫ్రీని పార్టీ పెద్దలు షికాగో సదస్సులో అభ్యర్థిని చేశారు. దానిపై రేగిన ఆగ్రహమే 1972 నుంచి ప్రైమరీలకు ఇప్పుడున్న బలం తెచ్చింది. ఆలస్యంగా జరిగే ఉపసంహరణ ఆ బలాన్ని ఓటర్ల నుంచి మళ్లీ పార్టీ ప్రతినిధులకు అప్పగిస్తుంది.

విరాళాల సంగతి?

ప్రచార నిధిలో మిగిలిన డబ్బును అభ్యర్థి సొంతానికి వాడుకోకూడదు. అప్పులు తీర్చాలి. ఆ తర్వాత దాతలకు తిరిగి ఇవ్వొచ్చు, సేవా సంస్థలకు ఇవ్వొచ్చు, పార్టీ కమిటీకి ఎంతైనా బదిలీ చేయొచ్చు. 2020లో బ్లూమ్‌బర్గ్ ప్రచారం నుంచి పార్టీ జాతీయ కమిటీకి 1.8 కోట్ల డాలర్లు వెళ్లాయి. ఇంకో అభ్యర్థికి మొత్తం నిధిని చేతికివ్వడం మాత్రం కుదరదు. 2024లో బైడెన్ నిధి హారిస్‌కు అందుబాటులోకి వచ్చిందంటే, ఆ ప్రచార కమిటీ మొదటి నుంచీ ఇద్దరి పేరు మీదా నమోదై ఉండటమే కారణం.

అక్కడి మనవాళ్లకు ఒక మాట. గ్రీన్‌కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయలేరు. హెచ్‌1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవారు రెండూ చేయకూడదు.

వార్త చూడగానే వేసుకోవాల్సిన ప్రశ్నలు

'ఫలానా నేత ఔట్' అని మీ ఫోన్‌కు నోటిఫికేషన్ వస్తే ఈ నాలుగూ చూడండి:

- తర్వాతి పోలింగ్ ఎప్పుడు? ఆ రాష్ట్రాల్లో ముందస్తు ఓటింగ్ మొదలైపోయిందా?
- ముందున్న నేతకు సగం ఓట్లు దాటాయా? దాటితే చీలిక లెక్కలు పెద్దగా పనిచేయవు.
- మిగిలినవారిలో 15 శాతం గీతకు దగ్గర్లో ఉన్నది ఎవరు? నిశ్శబ్దంగా లాభపడేది వాళ్లే కావచ్చు.
- ఆ నేత ప్రచారం 'నిలిపివేశారా', డెలిగేట్లను 'విడుదల' కూడా చేశారా? రెండూ వేర్వేరు.

ఇక మీ అక్క విషయానికొస్తే, ఈసారి ఓటు ముందే వేయాలా, ఆఖరు దాకా ఆగాలా అని ఆమె అడిగితే చెప్పాల్సింది ఇదే. బరిలో ఇద్దరే ఉంటే ఎప్పుడు వేసినా ఒకటే. ఆరుగురుంటే, వీలైతే ఆఖరు రోజు దాకా ఆగమనండి.